ఫ్లెక్సీకి పనికొచ్చే మొహాలు

మా జాంపేటలో ఎవరైనా పోతే ముందు షామియానా వస్తుంది, దాని వెనకే ఫ్లెక్సీ వస్తుంది. ఫ్లెక్సీ కాస్త ఆలస్యమైతే పోయిన మనిషికి ఏదో తక్కువ చేసినట్టు ఇంటిల్లిపాదీ నొచ్చుకుంటారు. మధ్యలో పోయినవారి మొహం, చుట్టూ గులాబీలు, పైన మేఘాలు, ఒక జత పావురాలు. అడుగున నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రాళ్ళ ఫొటోలు వరసగా. దూరం నుంచి చూస్తే ఎవరు పోయారో, ఎవరు వేయించారో తెలిసి చావదు. నేను ఇన్నేళ్ళుగా మా వీధుల్లో తిరిగి తీసిన ఫొటోల్లో పదిమందీ చూసినవంటూ ఉంటే అవి ఈ ఫ్లెక్సీల మీదివే. మిగతావి ఎవరూ చూడలేదు, చూపించమని అడగనూ లేదు.

నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. పెళ్ళి చేసుకోనిదాన్ని. అమ్మా నేనూ ఉండేవాళ్ళం. పొద్దున్న షేర్ ఆటో ఎక్కేలోపు, సాయంత్రం దిగాక, చిన్న కెమెరా ఒకటి చేతిసంచిలో వేసుకుని సందులన్నీ తిరగడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. మనుషుల్ని వాళ్ళకి తెలియకుండా తీస్తాను. తెలిసిందంటే ఆ మొహం ఇక పనికిరాదు. మనవాళ్ళు కెమెరా కనబడగానే చేతులు కట్టేసుకుని, ఊపిరి బిగబట్టి, పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు నిలబడిపోతారు. ఆ మనిషి నాకెందుకు? బిందె నిండేలోపు కుళాయి దగ్గర పరధ్యానంగా గోళ్ళు చూసుకునే మనిషి కావాలి నాకు. ఈ సందుల్లో ఏముందని, హాయిగా గోదావరి గట్టున సూర్యాస్తమయాలు తీసుకోవచ్చు కదా అని ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. గోదావరిని ఊరంతా తీస్తుంది. మా సందుని నేను తప్ప ఎవరు తీస్తారు?

ఆ సందు మొదట్లో ఇడ్లీలు వేసే మామ్మ ఒకావిడ ఉండేది. ఒక పొద్దున్న పాత్ర మూత తీస్తూ, ఆవిరి మొహాన కొట్టకుండా పక్కకి తిరిగి, ఎవరో ఏదో అంటే పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. సరిగ్గా అప్పుడు తీశాను. వెనకాల పాలక్యాన్లు తగిలించిన సైకిలు, గోడ మీద సగం చిరిగిన పోస్టరు, అరుగు పక్కన కుక్క తోక. ఆవిరిలో ఆవిడ చెవి ఒకటి కలిసిపోయింది. నేను తీసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఆ రోజు ఆఫీసులో ఫైళ్ళ మధ్య పెట్టుకుని పదిసార్లు చూసుకున్నాను, నా అంతటి మనిషి లేదన్నట్టు.

ఆ వానాకాలంలో మామ్మ గుండెపోటుతో పోయింది. వాళ్ళబ్బాయి కళ్ళు ఉబ్బించుకుని మా గుమ్మంలోకి వచ్చి, మీరు వీధిలో ఫొటోలు తీస్తుంటారు కదండి, అమ్మది ఒకటేమైనా ఉందా అన్నాడు. వెంటనే ఇచ్చాను. మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ కట్టేశారు. ఫ్లెక్సీ షాపువాడు సైకిలు తీసేశాడు, గోడ తీసేశాడు, ఆవిరి తీసేశాడు. ఆవిరితోపాటు ఆ చెవీ పోయింది. మెడ కింద ఎవరిదో పట్టుచీర కట్టిన ఒళ్ళు తెచ్చి అతికించాడు. ఆవిడ జన్మలో అంత జరీ కట్టి ఎరగదు. ఒంటి చెవితో, పరాయి ఒంటితో మేఘాల్లో తేలుతూ మామ్మ నవ్వుతోంది. వీధి వీధంతా కిందనుంచి చూసి, ఎంత కళగా ఉందో అని కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చావింటి ముందు ఏమంటాం, నోరు మూసుకుని వచ్చేశాను.

తర్వాత అరుగు మీద పేపరు చదువుకుంటూ కునికే రిటైర్డ్ మేస్టారు పోయారు. ఆయన వయసైపోయిన మనిషి, పోవడం వింతేమీ కాదు. ఆ ఫొటో కూడా నా దగ్గరే దొరికింది. కునుకుతున్న కళ్ళని కంప్యూటర్లో తెరిపించి మరీ వేశారు. ఆ పైన మా మలుపులో ఉండే ఆటో అబ్బాయి బ్రిడ్జి మీద లారీ గుద్ది పోయాడు. అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్న ఆ అబ్బాయిని అంతకు కొద్ది రోజుల ముందే తీసి ఉన్నాను. వాళ్ళమ్మ ఆ ఫొటో చూసి, నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు ఎదురింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి చూసింది.

ఈ పిన్నిగారు మాకు చుట్టం కాదు. అమ్మకి స్నేహితురాలు. ఇద్దరూ సాయంత్రాలు మా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ లోకాన్ని దులిపేసేవారు. మంచి మనిషే, కూర చేస్తే గిన్నెడు మాకు పంపకుండా తినేది కాదు. ఆ మంచి మనిషే కుళాయి దగ్గర అందిట, ఆ అమ్మాయి కెమెరా ఎవరి మీద పెడితే వాళ్ళు ఫ్లెక్సీ ఎక్కాల్సిందే అని. సరదాకే అని ఉంటుంది. మా వీధిలో సరదా మాటకి కాళ్ళు తొందరగా వస్తాయి.

ఆ తర్వాత చూడాలి నా వైభవం. నేను సందులోకి అడుగుపెట్టగానే కూరల బండి అవతలికి తిరిగిపోయేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొంగు మొహానికి కప్పుకునేవారు. ఒకావిడ పసిపిల్లని ఎత్తుకుని గబగబా లోపలికి పోయి తలుపేసుకుంది. నేనేదో వల వేసి జనాన్ని పట్టుకుపోయేదాన్ని అయినట్టు. అదే మనుషులు తెల్లారి లేస్తే సెల్‌ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని రీల్స్ చేస్తారు, అన్నం ముద్దకో ఫొటో తీసుకుంటారు. ఆ ఫోనుకి దోషం లేదు. సెల్‌ఫోను పుణ్యాత్మురాలు, నా కెమెరా ఒక్కటే యముడి చెల్లెలు. చీకాకు పుట్టి కొన్నాళ్ళు ఆర్యాపురం, ఇన్నీసుపేట, కోటగుమ్మం తిరిగాను. అక్కడ నన్నెవరూ ఎరగరు, ఎంతసేపు తీసినా ఏమీ అనలేదు. కానీ ఇంటికొచ్చి చూసుకుంటే అవన్నీ ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు తీసుకున్న ఫొటోల్లా ఉన్నాయి. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో నాకే తెలియలేదు. నేను పుట్టి పెరిగిన వీధిలో నన్ను వెలేసినట్టు చేశారు, ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

అమ్మ మాత్రం ఈ మాటలకి నవ్వేసేది. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం చర్చి తప్పనిది. పిల్లి ఎదురొచ్చిందని ఎవరైనా ఆగితే, పిల్లికి మాత్రం పనులుండవా అనేది. పిన్నిగారిని ఎదురుగానే దెప్పింది కూడా, నీకు భయమైతే మా వరండా ఎక్కకు అని. పిన్నిగారు నవ్వి, కుర్చీ మాత్రం నా గదికి వీపు వచ్చేలా తిప్పుకుంది.

అమ్మకి ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందనీ, మందులు వాడుతూ జాగ్రత్తగా చూసుకోవడమేననీ డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక ఆవిడ పగలంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. కళ్ళజోడుకి దారం కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, చదువుతూ చదువుతూ వీధిలోకి చూసేది. పొద్దుటి వెలుగు కిటికీలోంచి ఆవిడ చెంప మీద పడి, మెడ ముడతల్లోకి జారేది. ఆ వెలుగు కోసమే నేను వీధులు పట్టి తిరిగాను, అది నా ఇంట్లోనే ఉంది. అంతవరకు అమ్మని సరిగా ఒక్క ఫొటో తీయలేదు. ఇంట్లో మనిషే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఊరందర్నీ అడక్కుండా తీసినదాన్ని, ఆవిడని మాత్రం అడిగాను. ఒక ఫొటో తీసుకుంటానమ్మా అన్నాను. అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“వద్దే.”

నువ్వు కూడా ఆ మాటలు నమ్ముతున్నావా అని గయ్యిమన్నాను. నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. వీధి వీధంతా మొహం తిప్పుకుంటే పడ్డాను, అమ్మ తిప్పుకుంటే ఎక్కడికి పోవాలి?

“నమ్మి కాదే పిచ్చిదానా. నువ్వు ఇవాళ తీసి, రేపు నేను పోతే, తల్లిని కూడా తినేసిందంటారు. ఈ వీధిలో బతకాల్సింది నువ్వు కదా.”

అననీ, నాకేం లెక్క లేదన్నాను. నాకు లెక్కుంది అంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా వినలేదు. కెమెరా సంచి కనబడితే చాలు, వీధిలో ఆడవాళ్ళలాగే కొంగు అడ్డం పెట్టుకునేది, కాకపోతే నవ్వుతూ. ఒక మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయింది. కెమెరా ఎత్తాను, అన్నీ సరిచూసుకున్నాను, వేలు కూడా ఆనించాను. మళ్ళీ దించేశాను. వద్దన్న మనిషిని నిద్రలో దొంగతనంగా తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

అమ్మ చలికాలం మొదట్లో పోయింది. కాకినాడ నుంచి తమ్ముడు వచ్చాడు. వస్తూనే ఫొటో ఏదీ అన్నాడు. లేదంటే నమ్మలేదు, నా కంప్యూటరంతా వెతికాడు. అందులో ఊరుంది, అమ్మ లేదు. ఫోన్లలో ఉన్నవన్నీ వడ్డిస్తూ వంగినవి, ఎవరి భుజం వెనకో సగం కనబడేవి. వాడు విసుక్కుని ఆధార్ కార్డు పట్టుకుపోయి ఫ్లెక్సీ షాపులో ఇచ్చాడు. మధ్యాహ్నానికి మా ఇంటి ముందు అమ్మ వేలాడింది. ఆధార్ ఫొటోలో అందరూ ఎలా ఉంటారో అలాగే ఉంది, కళ్ళు మిటకరించి, నోరు కొంచెం తెరిచి, ఎవరో గదమాయించినట్టు. పెద్దది చేసేసరికి మొహమంతా గళ్ళుగళ్ళుగా చెదిరిపోయింది. పైన పెద్ద అక్షరాలతో ‘ప్రభువునందు నిద్రించిరి’ అని రాశారు. ఆ అక్షరాల కింద మా అమ్మ కళ్ళు అంత పెద్దవి చేసుకుని చూస్తోంది. నేను ఆ ఫ్లెక్సీ కిందనుంచి రావడం పోవడం మానేసి, పెరటి గుమ్మంలోంచి తిరిగాను.

తర్వాత చర్చివాళ్ళు మా ఇంటికి వచ్చి ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయిపోయి అందరికీ టీలు ఇస్తుంటే, పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపు దొంగేడుపు కాదు, అది నాకు తెలుసు.

“అంత కెమెరా పెట్టుకుని, కన్నతల్లికి ఒక్క మంచి ఫొటో తీసుకోలేకపోయావామ్మా?”

నా చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. లేకపోతే ఏం చేసేదాన్నో.

“తీస్తే నేనే చంపేశానని మీరంటారని, మా అమ్మ తీయనివ్వలేదండి పిన్నిగారూ,” అన్నాను.

పక్కనున్నవాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు. పిన్నిగారు కొంగుతో మొహం తుడుచుకుని, పళ్ళెంలోంచి తన టీ తను తీసుకుంది.

ఆ నెల గడవకుండానే ఒక పొద్దున్న వచ్చింది. పట్టుచీర, తలలో పూలు, పౌడరు. ఫ్లెక్సీ తీసేశాక కూడా అమ్మ మొహం తన కళ్ళముందు నుంచి పోవడం లేదనీ, తన పిల్లలూ ఆ ఆధార్ ఫొటోయే పట్టుకెళ్ళి ఇస్తారనీ, తలుచుకుంటే నిద్ర పట్టడం లేదనీ చెప్పింది. తనే వెళ్ళి కిటికీ పక్కన అమ్మ కుర్చీలో కూర్చుంది.

“మీ అమ్మకి పట్టిన గతి నాకు పట్టకూడదు తల్లీ. వెనకాల ఏమీ లేకుండా, మంచిది ఒకటి తీసిపెట్టు.”

లేచి పొమ్మనాలనిపించింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ వెలుగు అప్పటికే కుర్చీ మీదికి వచ్చేసింది, నా చేతులు నన్నడగకుండానే కెమెరా తీశాయి. ఆవిడ చేతులు కట్టుకుని ఊపిరి బిగబట్టింది. నేను నొక్కకుండా ఆగాను. కాసేపటికి ఆవిడకి బిగబట్టిన ఊపిరి చాలలేదు. వరండా వైపు చూసింది, చిక్కుడుకాయలు ఒలుచుకునే చోటు వైపు. మొహం దానంతట అదే మెత్తబడింది. అప్పుడు తీశాను. చాలా బాగా వచ్చింది. చెంప మీద వెలుగు, మెడ ముడతలు, కిటికీ చువ్వ నీడ, అన్నీ నేను అమ్మకోసం అనుకున్నట్టే వచ్చాయి.

పిన్నిగారి ఫొటో చూశాక ఇప్పుడు వీధిలో ఎవరూ మొహం తిప్పుకోరు. సెలవురోజుల్లో పట్టుచీరలు కట్టుకుని, చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని తమ ఫ్లెక్సీ ఫొటోకి మా ఇంటికే వస్తారు. వెనకాల ఏమీ ఉండకూడదంటారు. నేను సందులోకి కెమెరా పట్టుకెళ్ళడం మానేశాను. అందరూ నన్ను చూడగానే నిటారుగా నిలబడిపోతున్నారు.

పిన్నిగారు ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి బీరువాలో దాచుకుంది, వచ్చినవాళ్ళకల్లా తీసి చూపిస్తుంది. నేను తీసి ఇన్నాళ్ళయినా ఆవిడకి జలుబు కూడా చేయలేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసుకుంటూ నిక్షేపంలా ఉంది. ఈ మాట మా అమ్మకి ఎవరు చెబుతారు?