సముద్రానికి అనంతపురం ముహూర్తం

ఇప్పుడంటే జేబులోంచి ఫోన్ తీసి వేలితో తడితే చాలు, ప్రపంచంలో ఏ దీవి మీద గాలి ఎటు వీస్తోందో, అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయో చెప్పేస్తుంది. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మూర్ఛపోతాయని భయపడి ఆస్ట్రేలియా వాళ్ళు మాలాంటి వాళ్ళను విమానాలెక్కించి మరీ తెచ్చుకున్న రోజుల్లో, మనిషి తన బుర్రనే నమ్ముకోవాల్సి వచ్చేది. నాకు నా బుర్ర మీద నమ్మకం కాస్త ఎక్కువే ఉండేది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం నా ఉద్యోగం. ప్రపంచం మునిగిపోకుండా కాపాడిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి (అలాగని మా అమ్మ అనంతపురంలో మా వీధంతా చెప్పుకొచ్చింది). అలాంటివాడికి ఒక విహారయాత్రకు నెల నిర్ణయించడం ఒక లెక్కా అనుకున్నాను.

మాది అనంతపురం అని చెప్పాను కదా. వాన పడితే జనం పనులు మానుకుని గుమ్మాల్లోకి వచ్చి చూసే ఊరు. మా ఆవిడది బందరు. అక్కడ ఉద్యోగం చేసిన మా మేనమామ కుదిర్చిన సంబంధం. మా మామగారు రేవు ఆఫీసులో పనిచేసేవారు. తుఫాను వస్తోందని కబురందగానే జెండా స్తంభం మీద ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరికో ఎగరేయించడం ఆయన బాధ్యత. పెళ్ళిచూపుల్లో ఏం మాట్లాడాలో తోచక నేను, "మీకు సముద్రమంటే ఇష్టమేనా?" అని అడిగాను. ఆ పిల్ల తల ఎత్తకుండానే, "కోపంగా లేనప్పుడు ఇష్టమేనండీ. నీలంగా, కదలకుండా ఉండే సముద్రం ఉంటుందంటారు, నేను ఫోటోల్లో చూడ్డమే. మా దగ్గర బురద రంగే" అంది. అప్పటికి సముద్రాన్ని సరిగ్గా నాలుగుసార్లు కూడా చూడని నేను, నీలం సముద్రం మధ్యలో ఉన్న దీవికి తీసుకెళ్తానని మాటిచ్చేశాను. మా మేనమామ పక్కనుంచి నా మోకాలు గిల్లాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పెళ్ళయి సిడ్నీ తీసుకొచ్చాక దీవి మాట దేవుడెరుగు, ఇంటిపట్టున ఉండడమే కుదరలేదు. రెండువేలు దాటేదాకా ఎవరికీ సెలవుల్లేవని ఆఫీసులో తేల్చి చెప్పారు. హారిస్ పార్క్‌లో మా ఫ్లాటు కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు తప్ప ఏమీ కనబడేవి కావు. బందరులో వాళ్ళింటికి పొద్దున్నుంచి ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉండేవారట. ఇక్కడ మా తలుపు కొట్టేది కింది వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు ఫిజీ ఆంటీ ఒక్కరే (ఆవిడ ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు, అక్కడ గొడవలు మొదలయ్యాక ఈవిడ కుటుంబం సిడ్నీ చేరింది). మా ఆవిడ మొదట్లో గలగలా మాట్లాడేది. తర్వాత అడిగితే మాట్లాడేది. ఆ తర్వాత అడిగినా తల ఊపి ఊరుకునేది. జనవరి ఒకటి వచ్చింది, ఒక్క కంప్యూటరూ మూర్ఛపోలేదు, కానీ మా ఇంట్లో నవ్వు మాత్రం ఎక్కడో ఆగిపోయింది. ఒక సాయంత్రం టీ ఇస్తూ, "దసరాకి బందరు వెళ్తానండీ" అంది. ఎన్నాళ్ళుంటావని అడిగాను. "చూద్దాం" అంది. ఆ 'చూద్దాం' విని నాకు నిజంగా భయమేసింది. వెళ్తే మళ్ళీ రాదేమోనన్న భయం. టీలో పంచదార వేయలేదన్న సంగతి కూడా కప్పు ఖాళీ అయ్యాక గానీ తెలియలేదు.

సరిగ్గా అప్పుడే దేవుడు ఒలింపిక్స్ రూపంలో కరుణించాడు. ఆ సెప్టెంబరులో సిడ్నీలో ఆటలు. రైళ్ళు కిటకిటలాడతాయి, వీలైన వాళ్ళంతా సెలవు పెట్టి ఊరొదిలి పొండని ఆఫీసు వాళ్ళే బతిమాలారు. దసరాకి ముందు దొరికిన ఆ సెలవులో నీలం సముద్రం చూపించేస్తే మా ఆవిడ మనసు మారుతుందని నా ఆశ. మా పక్కనే ఉన్న పరమట్టాలో ఒక ట్రావెల్స్ అద్దానికి అంటించిన పోస్టర్లో నేను వెతుకుతున్న రంగే కనిపించింది. కరేబియన్ దీవి. చిన్నప్పుడు రేడియోకి చెవి ఆనించి క్రికెట్ కామెంటరీ విన్నవాడికి ఆ దీవుల పేర్లు చుట్టాల ఊళ్ళ పేర్లంత చనువు. పైగా సెప్టెంబరులో సగానికి సగం తగ్గింపు! ఎందుకంత చవకని అడిగితే కౌంటర్లో అమ్మాయి "ఆ నెలలో రష్ తక్కువ" అంది. లోకంలో బుద్ధిమంతులు తక్కువ కాబట్టే రష్ తక్కువని అర్థం చేసుకున్నాను.

అయినా నేను ఆలోచించకుండా దూకే మనిషిని కాను. సముద్రం ఆ నెలలో ఎలా ఉంటుందో నా పద్ధతిలో లెక్క కట్టాను. ఆస్ట్రేలియా వచ్చాక నేను నేర్చుకున్న మొదటి పాఠం, ఇక్కడ అన్నీ తిరగేసి చూడాలని. డిసెంబరులో చెమటలు, జులైలో స్వెట్టర్లు. మా అమ్మ ఫోన్ చేసి "ఎండలు ముదిరినాయా నాయనా?" అంటే, లేదమ్మా చలి ముదిరిందని చెప్పే దేశం. బందరులో అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు వస్తాయని మామగారు చెప్పగా విన్నాను. దాన్ని తిరగేస్తే ఏప్రిల్, మే. అంటే సెప్టెంబరు నిక్షేపం! భూమధ్యరేఖ అనేది ఒకటుంటుందని, ఆ దీవి దానికి ఏ పక్కన ఉందో చూసుకోవాలని నాకు తట్టనే లేదు. అంతకీ తృప్తి చాలక, దీవుల్లో పుట్టి పెరిగిన మనిషి కదా అని ఫిజీ ఆంటీని అడిగాను. "సెప్టెంబరా? బంగారం వంటి నెల బాబూ! గిన్నెలో పోసిన పాల మాదిరి ఉంటది సముద్రం. గాలివానలన్నీ మాకు క్రిస్మస్ దాటినాకనే" అంది ఆవిడ. దీవి అంటే ఆవిడకి ఫిజీయే, వేరే దీవులు ఉంటాయన్న ధ్యాస ఆవిడకీ లేదు, ఆవిడది వేరే సముద్రమన్న ధ్యాస నాకూ లేదు. ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టేసి, మా ఆవిడకి మాత్రం చెప్పకుండా దాచాను. చివరి వారంలో చెప్పి ఆశ్చర్యపరచాలని.

ఆశ్చర్యం మా భాయ్ చేతిలో పడింది. భాయ్ అంటే నాతో పాటే సిడ్నీ దిగిన హైదరాబాదు మిత్రుడు. ఆదివారమొస్తే బిర్యానీ గిన్నె చేత్తో పట్టుకుని వచ్చేవాడు, మా ఆవిడ వంట మీద అపనమ్మకం కాదు గానీ మా ఆవిడ వండే ఉత్సాహంలో లేదని ఆయనకి తెలుసు. నోరు జారవద్దని ఆయనకి రెండుసార్లు చెప్పాను. ఆ రోజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ముబారక్ భాభీ! వెస్టిండీస్ పోతున్నరంట గదా!" అన్నాడు. నేను ఆయన కాలు తొక్కాను. తొక్కింది కుర్చీ కాలని తర్వాత తెలిసింది. మా ఆవిడ నావైపు చూసింది. ఇక దాచి లాభం లేదని, అల్మరాలోంచి ఆ దీవి కరపత్రం తెచ్చి కంచం పక్కన పెట్టి, పెళ్ళిచూపుల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్న మొగుడి హోదాలో గొంతు సవరించుకున్నాను.

ఆమె ఆ నీలం రంగు వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఏ నెలలో అండీ?" అంది.

"సెప్టెంబరు!" అన్నాను.

"సెప్టెంబరా?" అన్నాడు భాయ్. "ఆగు మియా. అక్కడ సెప్టెంబర్ల టెస్ట్ మ్యాచ్ అయినట్టు నువ్వెప్పుడన్న ఇన్నవా? అన్నీ మార్చి, ఏప్రిల్‌లనే గదా. ఎందుకంటవ్?"

"ఎందుకంటే అది వాళ్ళకి ఎండాకాలం. దాన్ని తిరగేస్తే..." అని నేను మొదలుపెట్టాను. అప్పుడు మా ఆవిడ లేచి, చేయి కడుక్కుని, నా ఆఫీసు డైరీ వెనకున్న ప్రపంచ పటం తీసి నా ముందు పెట్టింది. మామగారి ఆఫీసు గోడ మీద ఇలాంటిదే పెద్ద పటం ఉండేదట. ఏ సముద్రానికి ఏ నెలలో ఒళ్ళు మండుతుందో దాని మీద గుర్తులు పెట్టి ఉండేవట. బడికి సెలవులిస్తే నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళి, ఆ పటం చూస్తూ కూర్చునేదట. ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

"ఇదండీ భూమధ్యరేఖ" అంది వేలు పెట్టి. "బందరు దీనికి పైన. మీరు కొన్న దీవీ పైనే."

"మరి సిడ్నీ?"

"కింద. మనం కిందికొచ్చామండీ. దీవి రాలేదు."

"ఆ సముద్రానికి సెప్టెంబరంటే మాకు తుఫాన్లొచ్చే కార్తీకమాసం లాంటిదండీ. తుఫానుకి ఎదురు టికెట్టు కొనుక్కుని మరీ వెళ్తారా ఎవరన్నా?" అంటూ ఆమె నా మొహం చూసింది, ఏం కనబడిందో ఏమో, నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత అదీ వదిలేసింది. కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగి, మళ్ళీ "తిరగేస్తే" అని తనలో తనే అనుకుని మళ్ళీ నవ్వింది. అన్ని నెలల తర్వాత ఆ నవ్వు విని నాకు సిగ్గు కూడా వేయలేదు. హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో వాతావరణ శాఖ వెలిసింది. మా ఆవిడ ఒక్కతే బయలుదేరి పరమట్టా లైబ్రరీకి వెళ్ళి (అప్పటిదాకా కూరగాయలకి కూడా నన్ను తోడు రమ్మనే మనిషి), అక్కడి ఇంటర్నెట్లో గాలుల పటాలూ మేఘాల ఫోటోలూ చూసి వచ్చేది. ట్రావెల్స్ అమ్మాయితో తన బందరు ఇంగ్లీషులో వాదించి, అడ్వాన్సులో చాలా భాగం వెనక్కి రాబట్టింది. సెలవు మార్చేది లేదు, దీవి మార్చుకుందామంది. ఫిజీ వెళ్దామా అంటే ఆంటీ నిట్టూర్చి, "మా ఊరు పోండని చెప్పాలనే ఉంది బిడ్డా. ఈ యేడు అక్కడ తుపాకుల గోల, మనుషుల తుఫాను లేచింది" అంది, ఆ రోజంతా ఆవిడ ముభావంగానే ఉంది. చివరికి మా ఆవిడ ఆస్ట్రేలియాలోనే ఉన్న క్వీన్స్‌లాండ్ తీరంలో ఒక చిన్న దీవి మీద వేలు పెట్టింది. అది భూమధ్యరేఖకి కిందే. "ఇక్కడ మీ తిరగేసే లెక్క పనికొస్తుందండీ" అని నాకు కాస్త గౌరవం కూడా మిగిల్చింది.

ఆ దీవికి పడవలో వెళ్ళాలి. అల ఉందో లేదో అన్నట్టుంది. అయినా తీరం కనుమరుగవకముందే అనంతపురం వాడి కడుపు తిరగబడింది. నేను సంచీ పట్టుకుని ఒక మూల కూలబడితే, మా ఆవిడ పడవ ముందు భాగంలో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎదురుగా నీలం. పోస్టర్లో ఉన్నదే, కదలకుండా. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, నుదుటి మీద తడి రుమాలు వేసి, "మాట నిలబెట్టుకున్నారండీ" అంది. సరిగ్గా ఆ క్షణంలోనే నాకు మళ్ళీ సంచీ అవసరమైంది. లేకపోతే నేనూ ఏదో మంచి మాటే అని ఉండేవాణ్ణి.

ఆ దసరాకి ఆమె బందరు వెళ్ళలేదు. తర్వాతి వేసవికి ఇద్దరం కలిసి వెళ్ళాం, కలిసే వచ్చాం. ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు, అడిగితే గుర్తొచ్చి వెళ్ళిపోతుందేమోనని.

ఇప్పుడు సిడ్నీలోనే స్కోఫీల్డ్స్‌లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి సోఫాలో ఫోన్ చూసుకుంటూ, "నాన్నా, మీ ఇద్దరికీ యానివర్సరీ గిఫ్ట్! కరేబియన్, సెప్టెంబర్‌లో సో చీప్!" అని అరిచింది. నేను వంటింటి వైపు చేయి చూపించాను. మా ఆవిడ లోపల్నుంచి, దసరాకి బందరు వెళ్తానన్న దగ్గర్నుంచి కథంతా చెప్పింది, 'తిరగేస్తే' దగ్గర ఎప్పటిలాగే ఆగి నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వి నవ్వి, "దెన్ వై డిడ్ యు స్టే, మమ్?" అని అడిగేసింది, నేను ఇన్నేళ్ళుగా అడగలేని మాట.

"ఏముందమ్మా" అంది మా ఆవిడ. "ఇలాంటి మనిషిని ఒక్కణ్ణే వదిలేసి వెళ్తే ఏ సముద్రంలో తేలతాడో అనిపించింది."

నేను బయట వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ కుర్ర పండితుడు, ఆ ప్రపంచ రక్షకుడు, కరపత్రం పట్టుకుని గొంతు సవరించుకుంటూ కళ్ళముందు మెదిలాడు. మీకు మాత్రం ఒక మాట చెబుతాను. ఆ సెప్టెంబరులో మేం వెళ్ళాల్సిన వారమంతా ఆ కరేబియన్ దీవిలో ఒక్క చినుకు పడలేదు, ఫెళ్ళున ఎండ కాసింది. అప్పట్లోనే భాయ్ ఇంటర్నెట్లో చూసి నాకు చెప్పాడు. మా ఆవిడకి మాత్రం ఈనాటి వరకూ చెప్పలేదు. నాకు తెలివి లేదన్న ఒక్క నమ్మకంతోనే కదా ఆమె ఉండిపోయింది, ఇప్పుడు దాన్ని చెడగొట్టడం ఎందుకు?