బిరడా వెతుకుతుండగా పారిన కాలువ

నేను కోర్టులో ఉండి ఓడగొట్టిన కేసులు కొన్నున్నాయి. వాటితో మీకు పనిలేదు. ఇది నేను అక్కడ లేకుండానే ముంచబోయిన కేసు.

తొంభైల చివర్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక సీనియర్ ప్లీడరు గారి దగ్గర జూనియర్‌ని. మా క్లయింటు కోటయ్య మిరప రైతు. ఆయన పక్క చేనుగుండా పిల్లకాలువ తవ్వుతుంటే ఆ చేను ఆసామి సుబ్బారావు చూస్తూ ఊరుకున్నాడు. రెండేళ్ళు నీళ్ళు పారాక పూడ్చేశాడు. తోట ఎండిపోతోంది. ముందు ఊరుకున్నవాడు తర్వాత కాదనకూడదని చట్టంలో ఒక సూత్రముంది. పేరు ఎస్టాపెల్.

ఆ ఉదయం సీనియర్ గారు నాకు అప్పగించింది ఒకటే పని. "కేసు పిలవగానే లేచి, మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు, కాసేపాగండి అను. మూడోసారి పిలిచినా పలక్కపోతే కేసు కొట్టేస్తారు."

మూడుసార్లు పిలిస్తే ఒంగోలు ఎద్దైనా తలెత్తుతుంది. కానీ ఎద్దు ఎమ్మే ఇంగ్లీషు చదవలేదు, నేను చదివాను. పిటిషన్లో టైపిస్టు 'ఎస్టాపెల్'కి ఇంగ్లీషులో రెండు 'పి'లు కొట్టాల్సింది ఒకటే కొట్టాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, కోర్టుకెళ్ళినవాణ్ణి అక్కడి లైబ్రరీలో దూరి నిఘంటువును చంకన పెట్టుకున్నాను. ఎదుటిపక్షం జూనియర్ ప్రసాదూ అక్కడే ఉన్నాడు.

"ఒరేయ్, క్రియగా వాడితే 'ఎస్టాప్'కి ఒకటే పి, 'ఎస్టాప్డ్'కి మాత్రం రెండేంట్రా?" అన్నాను.

"మూలం ఫ్రెంచిరా. అక్కణ్ణించి రావాలి."

వచ్చాం. పాత ఫ్రెంచిలో అది సీసాకు బిగించే బిరడాట. దానికి ఒకటే పి.

"మరి రెండోది ఇంగ్లీషువాడికి ఎక్కడిది?"

"ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చుంటాడు. వాడికి అలవాటేగా."

ఈలోగా కోర్టులో బంట్రోతు మూడుసార్లూ పిలిచేశాడట. అంతకుముందే లైబ్రరీలోకి తొంగిచూసి వెళ్ళిన కోటయ్య తానే లేచి చేతులు కట్టుకున్నాడు.

"మీ ప్లీడరు గారేరి?" అన్నారు జడ్జిగారు.

"లైబ్రరీలో ఉన్నాడయ్యా. ఏదో అక్షరం పోయిందంట, వెతుకుతున్నాడు."

"అవతలి ప్లీడరు?"

"ఆయనా అక్కడేనయ్యా. సాయం పడుతున్నాడు."

జడ్జిగారు కళ్ళజోడు తీసి సుబ్బారావు వైపు తిరిగారు. "ఆయన కాలువ తవ్వుతుంటే మీరేం చేశారు?"

పక్కన చెప్పిపెట్టే ప్లీడరు లేకపోవడంతో సుబ్బారావు నోట నిజం వచ్చేసింది. "ఎండలో తవ్వుతున్నాడని మజ్జిగ పంపానండి."

కోర్టంతా నవ్విందట. సుబ్బారావూ నవ్వాడట. అక్కడే రాజీ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కోటయ్య లైబ్రరీ గుమ్మంలోకొచ్చాడు. "దొరికిందా బాబూ అక్షరం?"

"దొరికిందండి. అసలది ఫ్రెంచి బిరడా..."

"బిరడా నువ్వే ఉంచుకో నాయనా. నాకు నీళ్ళొచ్చినయ్."

సీనియర్ గారు తిట్టలేదు. "నీ తొలి విజయం. ఇలాగే దూరంగా ఉండు," అన్నారు.

ఆ రోజే నల్లకోటు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: నా కేసు పిలిచేదాకా నిఘంటువు ముట్టను. తప్పకుండా గెలవాల్సిన కేసైతే తప్ప.