గ్రాఫిక్స్ కార్డు కోసం తవ్విన గొయ్యి

నవ్వకుండా వింటానంటే చెప్తాను, లేకపోతే టీ తాగేసి ఎవరిళ్ళకి వాళ్ళం పోదాం. మొన్న ఒక కంప్యూటర్ కార్డు కోసం మా పెరట్లో నడుంలోతు గొయ్యి తవ్వేను. అవును, గొయ్యే!

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందుగదిలో కంప్యూటరుంది కదా. దానికి కొత్తగా కారు రేసు గేమ్ సీడీ ఒకటి తెచ్చేను. వేస్తే ఏటి? కారు కదలదు! రోడ్డు ముక్కలుముక్కలుగా వస్తోంది. అప్పటికే ప్లాంటులో మా షిఫ్టువాళ్ళని ఆదివారం ఆడ్డానికి రమ్మని పిలిచేసేను కూడా! ఇంక బొమ్మల పని చూసుకునే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే.

మా ఆవిడ సుజాత ఒకటే మాట అంది. "ఏటండీ, కూలర్ మోటారు కాలిపోయి వారమైంది. ముందది చూడండి."

"ఆదివారం అయ్యాక" అన్నాను.

సుపేలా బజార్లో కంప్యూటర్ షాపు భయ్యా రెండు కార్డులు ముందర పెట్టేడు. మనవాళ్ళ బేరాలతో ఆయనకి తెలుగు బాగానే వచ్చేసింది. ఒక కార్డు పల్చగా ఉంది, ఫ్యాను లేదు. రెండోదానికి ఇంత ఫ్యాను!

"మీ గేమ్‌కి ఈ ఛోటావాలా సరిపోద్ది" అన్నాడు.

నాకు నచ్చలేదు. భిలాయి ఎండల్లో ఫ్యాను లేకుండా ఎవడైనా పని చేస్తాడా? ఫ్యానున్నదే తీసుకున్నాను. కార్డు దూర్చే స్లాట్ పేరు చేతిమీద రాసుకెళ్ళేను కాబట్టి అక్కడ పొరపాటేమీ జరగలేదు.

ఇంటికి తెచ్చి చూపిస్తే సుజాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనకి గాలి లేదు గానీ, కంప్యూటర్‌కి ఫ్యానొచ్చిందా!"

నేను స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్ని. క్రేన్ల మోటార్లు విప్పి బిగించేవాణ్ణి, ఈ అరచేతంత కార్డు నాకో లెక్కా? కంప్యూటర్ డబ్బా విప్పేను, కార్డు నొక్కేను, స్క్రూ బిగించేను, వైర్లన్నీ ఎక్కడివక్కడ పెట్టేసేను. స్విచ్చేసేను. ఫ్యాను గిర్రున తిరిగింది. మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది!

విప్పి మళ్ళీ బిగించేను. నలుపే.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో సుపేలా వెళ్ళేను. భయ్యా తన మానిటర్‌కి తగిలించేడో లేదో, బొమ్మ! "బిల్కుల్ ఠీక్ హై" అన్నాడు. ఇంటికి తెచ్చేను. నలుపు. మర్నాడు మళ్ళీ సుపేలా. బొమ్మ! ఇంటికొస్తే నలుపు! మూడోసారి ఆటోవాడు డబ్బాని చూసి తనే అడిగేడు, "ఇస్‌కీ తబియత్ అబ్ కైసీ హై?" అని. దీనికిప్పుడు ఒంట్లో ఎలా ఉందని!

అప్పుడు నాలో ఎలక్ట్రీషియన్ లేచేడు. షాపులో బతుకుతోంది, ఇంట్లో చస్తోంది. అంటే తప్పు కార్డుది కాదు, మా ఇంటి కరెంటుది. లీకయ్యే కరెంటుని నేలలోకి దింపే ఎర్తింగ్ సరిగ్గా లేదు! ఈ సిద్ధాంతం నాకెంత నచ్చేసిందంటే, ఇంకో ఆలోచనే రాలేదు.

శనివారం పొద్దున్నే గడ్డపార పట్టేను. పెరట్లో మెత్తటి నేల ఒక్కచోటే ఉంది, సుజాత వంకాయ మడి.

"నా మొక్కలు!" అంది.

"రెండే పోతాయి" అన్నాను.

పక్క క్వార్టర్ సాహూజీ గోడమీంచి తొంగిచూసేడు. బోరు వేయిస్తున్నాననుకున్నాడు పాపం. "పానీ నిక్‌లా?" అన్నాడు, నీళ్ళు పడ్డాయా అని.

"నహీ జీ, కంప్యూటర్ కే లియే." కంప్యూటర్ కోసమన్నాను.

ఆయన గొయ్యిని కాసేపు చూసి, లోపలికెళ్ళి వాళ్ళావిడని కూడా తీసుకొచ్చి చూపించేడు.

ఇనప పైపు దింపేను. చుట్టూ బొగ్గు, ఉప్పు. బస్తాడు ఉప్పండీ! మీద నాలుగు బకెట్ల నీళ్ళు. రాగితీగ కిటికీలోంచి లోపలికి లాగేను. అరచేతుల్నిండా బొబ్బలు. టెస్ట్ చేస్తే, ఆహా, ఏం ఎర్తింగ్! స్విచ్చేసేను.

నలుపు.

సుజాత గుమ్మంలోకొచ్చింది. అట్టముక్కతో విసురుకుంటూ నిలబడింది. అంతకంటే తిట్టడమే నయం.

తెల్లారితే అందరూ దిగుతారు. సాయంత్రం షాపు భయ్యాని బతిమాలి స్కూటరెక్కించుకొచ్చేను. ఆయన డబ్బా వెనక్కి వంగేడు. మానిటర్ వైరు ఒకచోటునుంచి లాగి, కాస్త కిందనున్న ఇంకో చోట గుచ్చేడు. బొమ్మ వచ్చేసింది!

విషయం ఏటంటే, మానిటర్ వైరు గుచ్చుకోడానికి కొత్త కార్డుకి దాని చోటు దానికే ఉంది. అది రాగానే పాత చోటు పని మానేస్తుందట. షాపులో ఆయన కొత్తదాన్లో గుచ్చుతున్నాడు. నేను ఇంటికొచ్చిన ప్రతిసారీ అలవాటు కొద్దీ పాతదాన్లోనే గుచ్చుతున్నాను. అంతే!

భయ్యా మంచినీళ్ళు తాగుతూ కిటికీలోంచి వచ్చిన రాగితీగని చూసేడు. దాన్ని పట్టుకునే పెరట్లోకి నడిచేడు. గొయ్యి చూసేడు, ఉప్పు చూసేడు, తలలు వాల్చేసిన వంకాయ మొక్కలు చూసేడు.

"ఇదెవరు చేసేరు?"

"ఎవరో ఎలక్ట్రీషియన్ వచ్చేడు లెండి" అన్నాను, ఆకాశంకేసి చూస్తూ.

"పాగల్ థా క్యా? పిచ్చోడా వాడు? భాభీజీ, వాణ్ణి మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి!"

సుజాత విసురుకోడం ఆపి నాకేసి చూసింది.

"ఎలా ఆపమంటారు భయ్యా? రెండు పూటలా భోజనం ఇక్కడేగా!"