నోట రాని పాస్‌వర్డ్

ఆఫీసులకు కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. నర్సంపేట నుంచి వరంగల్ వచ్చే బస్సులో నా పక్క సీటామె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. ఏమైందని అడిగాను.

"ఆఫీసుల కంప్యూటర్ నాకే అప్పజెప్పిండ్రక్కా. దాంట్లనే పాస్‌వర్డ్ పెట్టుకునేటట్టుంటది. నీ నోట ఎన్నడు రాని మాట పెట్టుకో అన్నడు నేర్పినాయన. మా ఆయన పేరు పెట్టిన."

నాకు ఒళ్లు మండింది. "మొగని పేరు పలకనిది నువ్వొక్కదానివే తల్లీ! ఊరంత పలుకుతది. అదేం తాళం?"

"తెరిచిండ్రక్కా. కరువు సాయం రావాల్సిన రైతుల పేర్లు తీసేసి వేరేటోళ్లయి ఎక్కిచ్చిండ్రు. నన్ను సస్పెండ్ జేసిండ్రు. రేపు విచారణ."

"పాస్‌వర్డ్ ఏందో చెప్పు. ఎవరు తెరిచిండ్రో తెలిస్తె అది గూడ చెప్పు. ఫికరెందుకు?"

ఆమె గొంతు తగ్గించింది. "ఆయనది గూడ మా ఆఫీసే. తనే తెరిచిండట, ఇంట్ల నాతోని ఒప్పుకున్నడు. రెండిటికి ఒకటే పేరు చెప్పాలె."

"మరి చెప్పు! లేకుంటె నీ నౌకరి పోతది."

"పోతె పోనియ్యి. పేరు తీస్తె ఆయనకు ఆయుష్షు తగ్గదా?"

"మరి ఆ రైతుల ఆయుష్షో?"

ఆమె కొంగు సర్దుకుని లేచింది. కాశిబుగ్గలో దిగింది. స్కూటర్ మీద కాచుకుని ఉన్న మనిషి, "ఏయ్, జల్ది రా" అని కేకేశాడు. ఆమె పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.