మా బావ పెట్టిన లూజు

మా బావ టైలరు. కటింగ్ ఆయనది, కుట్టుపని నాది. చుట్టుపక్కల సగం మంది నడుముల కొలతలు ఆయనకు నోటికొచ్చు. అలాంటి మనిషి కండోముల దగ్గర బోల్తా పడ్డాడంటే పడీ పడీ నవ్వేవాణ్ణే, ఆయన కట్టుకున్నది మా అక్కను కాకపోతే.

రెండో కాన్పులో అక్క చచ్చి బతికింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. బీపీ అదుపులోకి వచ్చేదాకా అక్కకు ఆపరేషన్ కుదరదంది. పోనీ మీరు చేయించుకోండి అంటే బావ నేలచూపులు చూశాడట. ఇక కండోమే దిక్కు.

ఒకరోజు పొద్దున్నే బావ ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. నాకు ఒళ్లు మండి, మతి ఎక్కడ పెట్టుకున్నావని అరిచాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, నా మొహం చూడకుండా చెప్పాడు. రాత్రి అది జారిపోయిందట. అప్పట్నుంచీ అక్క ఏడుస్తూనే ఉందట.

సిగ్గూ శరమూ పక్కనపెట్టి అంతా అడిగేశాను. మామూలువి బిగుసుకుపోయి నొప్పి పుడుతున్నాయట. మందుల షాపులో జనం ఉండేసరికి నోరు పెగలక, అన్నిటికన్నా పెద్దవి ఇమ్మని గొణిగి, ఇచ్చింది జేబులో కుక్కుకుని వచ్చేశాడట.

"గుడ్డకైనా రెండు వేళ్లు లూజు పెడతాం కదరా" అన్నాడు.

ఏమనాలి ఈ మనిషిని? చెయ్యెత్తబోయి ఆగాను. షాపు మూసేసి, అక్కను వెంటబెట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి పరుగెత్తాం.

నర్సమ్మ అక్క చేత అక్కడికక్కడే కడుపు రాకుండా ఉండే మాత్ర మింగించింది. అయినా పూర్తి భరోసా లేదు, నెలసరి వచ్చేదాకా చూడాల్సిందే అంది. బావకు విడిగా క్లాసు పీకింది. రబ్బరు ఒంటిని పట్టి ఉండాలి, నొక్కకూడదు. చుట్టుకొలత తీసుకుని, అందులో సగానికి కాస్త తక్కువ వెడల్పు ఉన్నది డబ్బా మీద చూసి కొనుక్కోవాలి. ఊరందరికీ టేపు పెట్టే మనిషికి, తనకు పెట్టుకోవాలని ఏనాడూ తోచలేదు.

ఆ ఎదురుచూపు పగవాడికి కూడా వద్దు. ఫోన్ మోగితే బావ ఉలిక్కిపడేవాడు. ఆయన్ని చూస్తే నాకు కోపం, జాలి, రెండూ. అక్కకేమైనా అయితే ఆ పిల్లల మొహం ఎలా చూడాలా అని నాకు ముద్ద దిగేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి, వచ్చిందని చెప్పింది. బావ కటింగ్ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఆ రోజు నుంచి బావ పడక షాపులోకి మారింది. ఇక ఆమె జోలికి వెళ్లను, మనిషి బతికుంటే చాలు అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే మేలనిపించింది.

వారం తిరక్కుండా అక్క షాపుకొచ్చింది. మందుల షాపులో అందరి ముందూ తనే అడిగి తెచ్చిందట, మూడు రకాల వెడల్పులవి. నా ముందే బల్ల మీద పెట్టింది. నేను గబగబా మిషన్‌లోకి తల దూర్చాను.

"చావంటే నాకూ భయమే" అంది బావతో. "కానీ నువ్విలా దుప్పటి పట్టుకుని వచ్చేశాక, బతికుండగానే నన్ను సాగనంపేసినట్టుంది. ఇంటికి రా."

బావ ఆ పొట్లాలు తీసి జేబులో పెట్టుకుని, మూలనున్న దుప్పటి మడవసాగాడు.