నిద్ర కాదు, ఇంజన్ వింటున్నా

డ్రైవింగ్ మాస్టారు పట్టపగలు ఒక్కసారి కూడా నిద్రపోలేదు. ఈ మాట చెప్పేది ఆయనొక్కడే. ఊరంతా ఆయన నిద్రని కళ్ళారా చూసింది, చెవులారా విన్నది.

కారు నేర్పడానికి పక్క సీట్లో కూర్చుని, బెల్టుని పొట్ట మీదుగా బతిమాలి లాక్కుని, "పోనియ్" అనేవాడు. వీధి మలుపు రాకుండానే గడ్డం గుండెకి ఆనేది, గురక మొదలయ్యేది. ఎవరైనా తట్టి లేపితే కళ్ళు తెరవకుండానే, "నిద్ర కాదు, ఇంజన్ వింటున్నా" అనేవాడు.

సినిమా హాల్లో లేపితే, "డైలాగులు వింటున్నా, బొమ్మదేముంది." మంగలి కుర్చీలో లేపితే, "కత్తెర వింటున్నా." ఒకసారి ఆయన భార్య ఓపికున్నంతసేపు తిట్టి, చివర్న అనుమానం వచ్చి, "ఇంతసేపూ ఏం విన్నావో చెప్పు" అంది. "ఇంజన్" అన్నాడు పాపం, అలవాటు కొద్దీ. ఆ పూట ఆయన కంచం ఆయనే పెట్టుకున్నాడు.

శిష్యులు ఎదురుగా గురువుగారు అనేవాళ్ళు, వెనకాల గురకగారు అనేవాళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరినీ గుద్దలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. పక్కన గురువు గురక పెడుతుంటే ఎవడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే నడుపుతాడు.

బట్టలకొట్టాయన సంగతి వేరు. ఆయన మరీ మాట జవదాటని మనిషి. మొదటి రోజు మాస్టారు "తిన్నగా పో" అని చెప్పి ఒరిగిపోయాడు. బట్టలకొట్టాయన తిన్నగా పోయాడు. ఊరు దాటింది, పొలాలు దాటాయి, తారు పోయి మట్టి వచ్చింది. చివరికి రాళ్ళ క్వారీ గుంట అంచున బండి ఆపి మాస్టార్ని కుదిపాడు.

"ఇక్కడికెందుకు తెచ్చావయ్యా?"

"తిన్నగా పొమ్మన్నారు కదండీ. ఇంక తిన్నగా దారి లేదు."

మాస్టారు గుంటలోకి తొంగి చూసి, "ఇంజన్ బాగానే ఉంది" అన్నాడు.

ఈ కథకి ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వనిది మాస్టారి మేనకోడలు ఒక్కతే. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళని చూసే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. అది ఆమెకి ప్రాణం. కానీ కారు లైసెన్సు ఉంటేనే ఇస్తామన్నారు. ఎంత దొరకని నరాన్నైనా పట్టుకునే ఆ చేతులు, లైసెన్సు ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని చూసేసరికి కొయ్యబారిపోయేవి. అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

ముద్దుగా సూదీ అని పిలిచే మావయ్య పక్కన మాత్రం బాగానే నడిపేది. చూసే కళ్ళు మూసుకుని ఉండేవిగా. ఆమె భయం వేరే. అందరూ గురకని వింటే, ఆమె గురక మధ్య సందుని వినేది. గురక పైకి లేచి లేచి టక్కున ఆగేది. ఊపిరి లేదు, చప్పుడు లేదు. ఆ తర్వాత నీళ్ళలో మునిగినవాడు తేలినట్టు గుక్క తీసుకునేవాడు.

"నీ గురకతో నాకు పేచీ లేదు మావయ్యా. ఆగిపోయినప్పుడే నా గుండె ఆగుతోంది. డాక్టరమ్మ దగ్గరికి పద."

"నాకేమే సూదీ, గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాయిలా ఉన్నావనే రమ్మంటున్నా."

నిద్ర పరీక్ష అనగానే మాస్టారు అభ్యంతరం చెప్పాడు. అసలు నిద్రే పోని మనిషికి నిద్ర పరీక్షేమిటని. అయినా ఒంటినిండా వైర్లు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టారు. ఫలితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"పడుకోగానే మీ గొంతు మూసుకుపోతోందండీ. ఊపిరి ఆగుతోంది. ఆగినప్పుడల్లా మెదడు మిమ్మల్ని తట్టి లేపుతోంది, మీకు తెలియకుండానే. రాత్రంతా ఇదే తంతు. ఒక రకంగా మీరు చెప్పేది నిజమే. మీరు నిద్రపోవట్లేదు."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. "విన్నావా? డాక్టరే చెప్పింది."

తర్వాతి మాట ఆయనకి రుచించలేదు. ఇది తగ్గేదాకా కారెక్కకూడదు. రాత్రిళ్ళు గొంతులోకి గాలి ఊదే మిషను, దానికో ముక్కు తొడుగు, గొట్టం. బరువు తగ్గడానికి పొట్టకి వారానికో ఇంజెక్షను.

"సూది పొట్టకి వేస్తే గొంతు ఎలా తెరుచుకుంటుందండీ?" అన్నాడు మాస్టారు. అడ్డు చెప్పడానికి అడిగింది కాదు. ఇంజన్లో ఏ పైపు ఎక్కడికి పోతుందో తెలుసుకోకపోతే ఆయనకి తోచదు.

"ఈ మందు ఆకలి తగ్గిస్తుంది. తిండి తగ్గితే కొవ్వు కరుగుతుంది. కొవ్వు పొట్టలోనే ఉంటుందనుకోకండి. మెడ చుట్టూ ఉంటుంది, నాలుకలో కూడా ఉంటుంది."

"నాలుకకి కూడా కొవ్వు పడుతుందా?"

"పడుతుంది."

మాస్టారు భార్యని ఓసారి, డాక్టరమ్మని ఓసారి చూశాడు. "మరి దీని నాలుక ఇంత సన్నగా, ఇంత పదునుగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది." గొంతు ఇంకా తెరుచుకోలేదు గానీ, నోరు మాత్రం అప్పుడే తెరుచుకుంది.

వారం వారం మేనకోడలే సూది వేసేది. మొదట్లో కడుపులో తిప్పి, తిండి చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. ఆ తర్వాత ఒంటికి పట్టింది. కంచంలో సగం వదిలేస్తుంటే భార్య వంట బాగాలేదేమోనని అలిగింది. ముక్కుకి గొట్టం తగిలించుకుని పడుకుంటే పక్కింటి పిల్లలు కిటికీలోంచి ఏనుగుని చూడ్డానికి వచ్చేవాళ్ళు. ప్యాంటు బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పడ్డాయి. కొన్ని నెలలకి మళ్ళీ పరీక్ష చేసి డాక్టరమ్మ నవ్వింది. "అందరికీ ఇంతలా పని చేయదు. మీకు చేసింది. మందు మాత్రం ఆపకండి. కారెక్కొచ్చు."

మేనకోడలి మూడో పరీక్ష దగ్గరపడింది, ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మాస్టారు మేలుకున్నాడు.

"ఈ మలుపులో ఇంత పెద్ద ఆస్పత్రి ఎప్పుడు కట్టారే?"

"నేను పని చేసేది అందులోనే మావయ్యా."

"అలాగా. క్లచ్చి. అద్దం చూడు. గేరు. అద్దం అంటే నీ మొహం కాదు, వెనక బండి. క్లచ్చి అన్నానా."

మేనకోడలి చేతులు మళ్ళీ కొయ్యబారాయి. మలుపు మలుపుకీ బండి ఆగిపోయింది. నాలుగు రోడ్ల మధ్య ఇంజన్ ఆగి, వెనక హారన్లు కాకుల్లా గోల పెడుతుంటే ఆమె స్టీరింగు వదిలేసింది.

"నువ్వు నిద్రపోయినప్పుడే నయం. నువ్వు చూస్తుంటే ఈ చేతులు నావి కావు. ఈసారీ పరీక్ష పోయినట్టే."

"నేనెప్పుడు నిద్రపోయానే" అన్నాడు మాస్టారు. కానీ ఎప్పటి బింకం లేదు గొంతులో.

మర్నాడు బండెక్కి, బెల్టు పెట్టుకుని, "పోనియ్" అన్నాడు. వీధి మలుపు రాకుండానే గడ్డం గుండెకి ఆనింది. గురక.

మేనకోడలు వేగం తగ్గించింది. మందు పని చేయడం మానేసిందా? బండి పక్కకి తీసి లేపేద్దామని చోటు వెతుకుతూనే చెవులు రిక్కించింది. గురక పైకి లేచింది. ఇప్పుడు ఆగుతుంది అనుకుంది. ఆగలేదు. మెల్లగా దిగి, మళ్ళీ లేచింది. రంపంతో దుంగ కోస్తున్నట్టు ఒకే తీరు. సందు లేదు, గుక్క లేదు. ఓరకంట కిందికి చూసింది. నేర్పేవాడి కోసం మావయ్య కాళ్ళ దగ్గర పెట్టిన రెండో బ్రేకు మీద ఆయన చెప్పు, తాకీ తాకనట్టు, పిల్లిలా కాచుకుని ఉంది. నిద్రపోయేవాడి కాలు అలా ఉండదు.

అప్పుడు ముందుకి చూస్తే, బజారు సందు, నాలుగు రోడ్లు, వంతెన అన్నీ ఎప్పుడో దాటేసింది. బండి ఒక్కచోటా ఆగలేదు.

ఆమె గేరు మార్చి ముందుకే పోనిచ్చింది. అడిగితే ఆయన నేను నిజంగానే నిద్రపోయానని ఒట్టేస్తాడు. జీవితమంతా చెప్పిన దానికి అడ్డంగా అబద్ధమాడాల్సి వస్తుంది ముసలాయనకి.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చున్నాడు. మాస్టారు వెనక సీట్లో. ఇన్‌స్పెక్టరు ఆమె చేతుల వైపు చూశాడు. చేతులు బిగుసుకున్నాయి. బండి ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంక అయిపోయింది అనుకుంటుండగా వెనక నుంచి రంపం మొదలైంది.

"ఎవరమ్మా ఈయన, పట్టపగలు?"

"మా మాస్టారండీ. అలవాటు."

ఆమె బండి మళ్ళీ స్టార్టు చేసింది. ఈసారి చెవిలో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎత్తు ఎక్కింది, వెనక్కి తిప్పింది, గీతల మధ్య ఆపింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం గీకి, దిగుతూ వెనక సీటు తట్టాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, శిష్యురాలి పరీక్ష రోజు కూడా నిద్రేనా?"

"నిద్ర కాదండీ, ఇంజన్ వింటున్నా."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వుకుంటూ పోయాడు. ఎన్నాళ్ళకో ఆ మాట నిజమైతే, నమ్మే మనిషి కారులో ఒక్కతే మిగిలింది.

"ఎలా ఉంది మావయ్యా ఇంజన్?"

మాస్టారు కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "కాస్త కంగారెక్కువ. మంచి ఇంజనే."