నాయన ఎడమ బొటనవేలు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, "నువ్వు చూసినావా, ఎవురో చెప్తే విన్నావా?" అని అడ్డం పడేవాడిని నేను. మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. తీగ తెగితే కరెంటు పారదు, ఒళ్లూ అంతే అనుకునేవాడిని. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. అయినా ఇది చెప్పాలి.

మా నాయన కొనకనమిట్ల దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తాడు. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంత తిరిగింది గానీ చెయ్యి రాలేదు. "ఒంటి చేత్తో జీవాలను ఎట్ల కాస్తాన్రా, అమ్మేయండి" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. డాక్టరు చూసి చెప్పేదాకా ఆగుదామని నేనే ఆపాను.

మందలో తల్లి చచ్చిపోయిన పిల్ల ఒకటి ఉంది. అలాంటి పిల్లకు మా వాళ్లు బొటనవేలు చీకిస్తూ, వేలి మీదుగా పాలు వదులుతారు. ఇది మహా గడుసుది, నాయన ఎడమ వేలు తప్ప పట్టదు. ఆయన మంచాన పడ్డాక అమ్మ ఎంత బతిమాలినా మొహం తిప్పుకునేది. చెంచాతో గొంతులో పోసి అమ్మే ఎలాగో దాని ప్రాణం నిలిపింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నాయనను మార్కాపురంలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లు మూసుకోమని చెప్పి, ఒకసారి దూదితో, ఒకసారి సూదిమొనతో తాకుతూ "ఎక్కడ తగిలింది పెద్దాయనా?" అని అడిగింది. కుడివైపు టకటకా చెప్పాడు. కాలివేలు పైకి వంచిందో కిందికి వంచిందో కూడా చెప్పాడు. ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి దూది తగిలిన సంగతే పట్టలేకపోయాడు. సూది గట్టిగా ఆనించినా తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆమె సూది పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నాయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఎడం బొటనేలమ్మా," అన్నాడు. "చీకుతా ఉంది."

ఆ చేతిని ఎవరూ ముట్టుకోలేదు. నేను పక్కనే ఉన్నాను.

"అబ్బా, కొరికిందే!" అంటూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పడిపోయిన చెయ్యి! డాక్టరమ్మ పరుగున వచ్చి మళ్లీ లాగమంది. కొంచెం లాగాడు. కోలుకునేటప్పుడు ఒక్కోసారి ఇలా కదలిక వస్తుందని, వ్యాయామం మానొద్దని చెప్పింది. జీవాల సంగతి నేను ఎత్తకముందే నాయన "అమ్మే పని లేదులే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

బయటికి రాగానే అమ్మకు ఫోన్ చేశాను. నన్ను మాట్లాడనిస్తేగా!

"పిల్ల పాలు తాగిందిరా! ఇందాకే, నా ఎడం ఏలు పట్టుకునింది."

"కొరికిందా?"

"నీకెట్ల తెలుసురా? రక్తం గూడా వచ్చినాది. అదేందో గానీ, నాకు నొప్పే తెలీలా."

నాయన చెయ్యి ఇప్పుడు చాలావరకు వచ్చింది. మంద మా దగ్గరే ఉంది. పిల్లను తలుచుకుంటూ ఉంటే ఆయనకు అలా అనిపించిందని సరిపెట్టుకోవచ్చు. అమ్మ వేలికి పళ్లు దిగినా తెలియకపోవడాన్ని దేనితో సరిపెట్టుకోవాలో నాకు తెలియదు. వాళ్లిద్దరినీ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు, అంతే.